20 గుంటల చెల్కకు ఏ వీడర్ కొనాలి?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను. షాద్‌నగర్ వైపు 20 గుంటల ఎర్ర చెల్క, బోరు ఉంది, డ్రిప్ వేయించారు. ఒక పక్క మామిడి మొక్కలు పెట్టారు, మిగతా దాంట్లో ఇంటికి, చుట్టాలకు సరిపడా కూరగాయలు వేయాలని ఉంది. మీరు శని, ఆదివారాలే వెళ్లగలరు. మిగతా రోజుల్లో 64 ఏళ్ల మీ నాన్నగారు చూసుకుంటారు. దుక్కికి, కలుపుకు వీడర్, అంటే వెనక నడుస్తూ చేత్తో పట్టుకుని తోలే చిన్న యంత్రం, కొనాలనుకుంటున్నారు. బడ్జెట్ 60 వేలు. ఆన్‌లైన్‌లో 15 వేలకు దొరికే టూ స్ట్రోక్ మిషన్ తీసుకోవాలా, షాపు వాళ్లు చెప్పిన 9 హెచ్‌పీ డీజిల్ వీడర్ తీసుకోవాలా అన్నది మీ సందేహం.

రెండూ వద్దండీ. 200 సీసీ ప్రాంతంలో ఉండే ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజను, రివర్స్ గేరు ఉన్న పవర్ వీడర్ తీసుకోండి. తొలి దుక్కి మాత్రం అద్దె ట్రాక్టరుతో చేయించండి. కూరగాయలు పండిస్తూ, చుట్టుపక్కల వాళ్ల వీడర్లకు రిపేర్లు చూసిపెడుతూ చాలా ఏళ్లుగా గమనించిన విషయం ఒకటుంది. చిన్న కమతం వాళ్లు ఏడాదికి ఒక్కసారి వచ్చే గట్టి పనిని మనసులో పెట్టుకుని మిషన్ కొంటారు. ఆ ఒక్కరోజు కోసం కొన్న బరువును మిగతా ఏడాదంతా మోయలేక షెడ్డులో పెట్టేస్తారు. వారం వారం చేసే పని ఏమిటి, హ్యాండిల్ పట్టుకునేది ఎవరు అన్న రెండు ప్రశ్నలు ముందు వేసుకోవాలి. హెచ్‌పీ సంగతి ఆ తర్వాత.

ముందు పేర్ల గందరగోళం తీరుద్దాం. రోటవేటర్ అంటే మన దగ్గర ఎక్కువ మందికి ట్రాక్టరు వెనక తగిలించేదే గుర్తొస్తుంది. మీకు షాపులో చూపించినవి పవర్ వీడర్లు. వీటిలో చాలా మోడళ్లకు పని చేసేటప్పుడు చక్రాలుండవు, చక్రాల స్థానంలో బ్లేడ్లు బిగిస్తారు. పవర్ టిల్లర్ ఇంకో రకం. వీఎస్‌టీ శక్తి, కామ్కో లాంటి కంపెనీలవి 12, 13 హెచ్‌పీ డీజిల్ ఇంజనుతో రెండు చక్రాల మీద నడుస్తాయి, రోటరీ వెనక ఉంటుంది. వరి మడిలో దమ్ము చేయడానికి అవి బాగుంటాయి. మీ కూరగాయల సాళ్లలో దాన్ని తిప్పే చోటు కూడా ఉండదు కాబట్టి దాని సంగతి వదిలేయండి.

చక్రాల్లేని వీడర్ ఎలా నడుస్తుందో అర్థమైతే ఏది కొనాలో సగం తేలిపోతుంది. బ్లేడ్లే మట్టిని కోస్తాయి, అవే మిషన్‌ను ముందుకు లాగుతాయి. వెనక మట్టిలోకి దిగే ఒక ఇనుప బార్ ఉంటుంది. డెప్త్ బార్ అంటారు. అది మిషన్‌ను వెనక్కి పట్టి ఉంచుతుంది. బార్ లోతుగా దిగితే ముందుకు పరుగు తగ్గుతుంది, బ్లేడ్లు అక్కడే తిరుగుతూ లోపలికి దిగుతాయి. బార్ పైకి తీస్తే పైపైన గీసుకుంటూ వేగంగా పోతుంది. దున్నడమంటే ఈ రెంటి మధ్య హ్యాండిల్‌ను కొంచెం నొక్కుతూ, కొంచెం వదులుతూ నడవడమే. నేల గట్టిగా ఉండి బ్లేడ్లు లోపలికి దిగకపోతే అవి చక్రాల్లా మారిపోతాయి. మిషన్ ఎగిరెగిరి ముందుకు దూకుతుంది, వెనక మనిషిని ఈడ్చుకుపోతుంది.

ఇక్కడే 15 వేల టూ స్ట్రోక్ మిషన్ తేలిపోతుంది. గడ్డి కోసే బ్రష్ కట్టర్లకు వాడే 52 సీసీ, 63 సీసీ ఇంజనునే దానికీ పెడతారు. ఆ మిషన్లు ఎత్తుకెళ్లడానికి తేలికే. కానీ ఆ తేలికే చెల్కలో ఇబ్బంది, ఎందుకంటే బ్లేడ్లు నేలలోకి దిగడానికి కొంత బరువు కావాలి. ఎండిన ఎర్రమట్టి మీద పెడితే గులకరాళ్ల మీద ఎగురుతుంది. పట్టుకున్నవాళ్ల మోచేతులు, భుజాలు గంటలోనే లాగేస్తాయి. ప్రతిసారీ పెట్రోల్లో 2టీ ఆయిల్ కొలిచి కలపాలి. మిశ్రమంలో ఆయిల్ తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది. ముందే గుల్లగా ఉన్న పశువుల ఎరువు మడులకో, రెండు మూడు గుంటల పెరటికో అయితే అది చాలు. 20 గుంటలకు చాలదు.

9 హెచ్‌పీ డీజిల్ మంచి మిషన్, కాదనను. లాగే బలం ఎక్కువ, ఇంధన ఖర్చు తక్కువ. రెండు మూడు ఎకరాల పత్తి, మిరప ఉన్న రైతుకు, వేరేవాళ్ల పొలాల్లో కిరాయికి తిప్పేవాళ్లకు అదే సరైంది. కానీ దాని బరువు క్వింటాలు దాటుతుంది. సాలు చివర దాన్ని తిప్పడమంటే ఒళ్లంతా పెట్టి తిప్పాలి. వైబ్రేషన్ ఎక్కువ. తాడు లాగి స్టార్ట్ చేసే డీజిల్ ఇంజను కంప్రెషన్ ఎంత గట్టిగా ఉంటుందో ఒకసారి షాపులో మీ నాన్నగారినే లాగి చూడమనండి. సెల్ఫ్ స్టార్ట్ ఉన్నది తీసుకుంటే ధర ఇంకా పెరుగుతుంది. పైగా వారాల తరబడి కదలని మిషన్‌కు బ్యాటరీ దిగిపోతుంది. నాన్నగారు ఒక్కరే ఉన్న రోజున ఆ మిషన్ గుంటలో దిగబడితే పైకి తీయడానికి ఇంకో మనిషి కావాలి. 60 వేల బడ్జెట్‌లో అది రాదు కూడా.

మధ్యలో ఉన్నది 196 నుంచి 212 సీసీ పెట్రోల్ ఫోర్ స్ట్రోక్. షాపుల్లో ఆరున్నర, ఏడు హెచ్‌పీ అని చెబుతారు. బరువు సుమారు 60 నుంచి 90 కిలోలు. బ్లేడ్లు దిగడానికి ఆ బరువు సరిపోతుంది, ఒక్క మనిషి తిప్పుకోగలడు. హోండాలో 163 సీసీ ఇంజనుతోనూ టిల్లర్ ఉంది. అంకె చిన్నదైనా ఇంజను నమ్మకంగా పనిచేస్తుంది. హెచ్‌పీ అంకెను మాత్రం గుడ్డిగా నమ్మకండి, సీసీ ఎంతో అడగండి. అదే సీసీకి ఒకరు ఆరున్నర అంటే ఇంకొకరు స్టిక్కరు మీద ఎనిమిది రాసి అమ్ముతారు.

20 గుంటలంటే 2,420 గజాలు, సుమారు 2,020 చదరపు మీటర్లు. రెండడుగుల వెడల్పున, గంటకు కిలోమీటరున్నర నడకతో లెక్కేస్తే గంటకు 900 చదరపు మీటర్ల పైచిలుకు అవుతుంది. మలుపులు, రాళ్లు తీయడాలు, మంచినీళ్లకు ఆగడాలు కలుపుకుంటే మొత్తం కమతం ఒకసారి తిరగడానికి మూడు గంటలు. మామిడి ఉన్న చోటు తీసేస్తే ఇంకా తక్కువ. ఈ పనికి 9 హెచ్‌పీ అవసరం ఎక్కడుంది?

అయితే కొన్న మొదటి రోజే ఈ వీడర్‌ను బీడు మీదికి తోలకండి. ఏళ్లుగా దున్నని చెల్క రాయిలా బిగుసుకుని ఉంటుంది. వేసవిలో ట్రాక్టరుకు రెక్క నాగలి కట్టించి ఒకసారి లోతుగా తిరగేయించండి. మట్టిబెడ్డలు అలాగే ఎండనివ్వండి. తొలకరి పడ్డాక గొర్రు తోలించి, రాళ్లు ఏరించి, పశువుల ఎరువు చల్లి, అప్పుడు ఒక్కసారి మాత్రం రోటవేటర్ వేయించండి. ఆ తర్వాత ఏడాది పొడవునా చేసే పని, అంటే పంట పంటకీ మధ్య నేల కలపడం, సాళ్ల మధ్య కలుపు, ఎరువు కలపడం, మీ వీడర్‌ది.

పదును, అంటే దున్నడానికి సరిపోయే తడి, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మిషన్ బాగోలేదని నా దగ్గరికి తెచ్చినవాళ్లలో చాలామందికి మిషన్ బాగానే ఉంటుంది, తోలిన రోజు బాగుండదు. జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి ముద్ద చేయండి. ముద్దే కట్టకుండా వేళ్ల మధ్య నుంచి రాలిపోతే నేల ఎండిపోయినట్టు. ముద్ద కట్టి, నడుము ఎత్తు నుంచి వదిలితే నేల మీద పడి నాలుగైదు పలుకులుగా విడిపోతే అదే పదును, ఆ పూటే తోలేయండి. పడి కూడా అలాగే ముద్దగా, కొంచెం చదునుగా అణిగి ఉండిపోతే, అరచేతికి జిగురు అంటితే ఆగాలి. ఆ తడిలో తోలితే బ్లేడ్ల కింద మట్టి మెత్తి, ఎండాక గట్టి పలకలా మారుతుంది. మంచి వాన పడ్డాక ఎర్ర చెల్క ఒకటి రెండు రోజుల్లో పదునుకొస్తుంది. నల్లరేగడి వాళ్లకు ఇంకా ఎక్కువ ఆగాలి, వచ్చిన పదును కూడా ఎక్కువ రోజులుండదు. అందుకే వాళ్లకు కాస్త పెద్ద మిషన్ అవసరపడుతుంది. మీకు బోరు ఉంది కాబట్టి వాన లేకపోతే ముందు రోజు నీళ్లు పెట్టి పదును తెచ్చుకోవచ్చు.

పదును కుదిరినా ఒకే తోలుడులో లోతు తీయాలని చూడకండి. మొదటిసారి రెండు అంగుళాలు, రెండోసారి అడ్డంగా నాలుగైదు అంగుళాలు. మిషన్ దూకదు, చేతులు నొప్పెట్టవు, బెల్టు కాలదు.

ఇంకో మాట. మట్టి పిండిలా అయిపోతే చూడ్డానికి బాగుంటుంది, చెల్కకు మాత్రం అది మంచిది కాదు. పిండి చేసిన ఎర్రమట్టి మీద ఒక గట్టి వాన పడి ఎండితే పైన పెచ్చు కట్టేస్తుంది. బెండ, గోరుచిక్కుడు లాంటివి ఆ పెచ్చును చీల్చుకుని పైకి రాలేక లోపలే వంగిపోతాయి. రేగుపండంత, నిమ్మకాయంత బెడ్డలు పైన మిగిలితే మిగలనివ్వండి. విత్తనం వేసే సాలు వరకు చేత్తో మెత్తగా చేసుకుంటే చాలు. ఏళ్ల తరబడి అదే లోతున రోటవేటర్ వేస్తూ పోతే బ్లేడ్ల అంచు తగిలే చోట కింద గట్టి పొర ఏర్పడి వాన నీరు ఇంకదు, వేళ్లు దిగవు. మూడు నాలుగేళ్లకోసారి వేసవిలో ట్రాక్టరుతో లోతు దుక్కి చేయించడం అందుకే.

మీరు పంపిన ఫోటోలో బోరు దగ్గర పచ్చగా కనిపిస్తున్నది తుంగ. గట్టు వెంట గరిక కూడా ఉంది. వీటి మీదికి వానాకాలంలో వీడర్ తోలితే కలుపు తగ్గదు, కమతమంతా విత్తినట్టే అవుతుంది. తుంగ కింద గడ్డలు ఒకదానికొకటి దారంలా కలిసి ఉంటాయి. కలిసి ఉన్నంతసేపు కొన్నే మొలుస్తాయి, మిగతావి నిద్రలో ఉంటాయి. బ్లేడు ఆ దారాన్ని తెంపితే విడిపోయిన గడ్డ కూడా మొలవడం మొదలుపెడుతుంది. గరికకు ప్రతి కణుపూ ఒక మొక్కే. కాబట్టి ఆ మూలను ఇప్పటికి వదిలేయండి. ఏప్రిల్, మే ఎండల్లో పొడిగా ఉన్నప్పుడు రెక్క నాగలితో తిరగేయించి, పైకి తేలిన గడ్డలను, వేళ్లను ఎండబెట్టండి. దంతెతో లాగి కుప్ప చేసి బయట పారేయండి. ఈలోపు ఎప్పుడైనా అక్కడ తోలాల్సి వస్తే ఆ బ్లేడ్లతో నేరుగా మంచి మడిలోకి వెళ్లకండి. బ్లేడ్లకు చుట్టుకున్న గరికను కోసేసి, కడిగి, అప్పుడు వెళ్లండి.

సాళ్ల దూరం ఇప్పుడే నిర్ణయించుకోండి, ఎందుకంటే మిషన్ వెడల్పును బట్టి మొక్కలు నాటుకోవాలి. టమాట, వంకాయ సాళ్లు రెండడుగుల్లో నాటి, రెండడుగుల బ్లేడ్ల మిషన్ కొంటే లోపలికి పోదు. చాలా మోడళ్లలో రెండు పక్కలా చివరి బ్లేడ్ల సెట్టు ఊడదీసి వెడల్పు తగ్గించుకోవచ్చు. కొనేముందు ఎంతకు తగ్గుతుందో టేపుతో కొలవండి. అంత వెడల్పుకు రెండు పక్కలా కనీసం ఆరేసి అంగుళాలు వదిలి సాళ్లు పెట్టుకోండి. సాలు చివర మిషన్ తిరగడానికి ఆరేడు అడుగులు ఖాళీ ఉంచండి. డ్రిప్ లేటరల్స్, అంటే సాళ్ల వెంట పరిచిన సన్న పైపులు, తీసి చుట్టి పక్కన పెట్టాకే తోలాలి. 16 ఎంఎం పైపు బ్లేడ్లకు చుట్టుకుంటే నిమిషంలో మీటర్ల కొద్దీ లాగేసుకుంటుంది. మామిడి మొక్కల పాదుల్లోకి అసలు పోనివ్వకండి, కొమ్మల నీడ పడే మేర వదిలేసి బయట మాత్రం రెండు అంగుళాల లోతున తోలండి. పాదుల్లో పార, కొంకి చాలు.

నిజానికి మొక్కలు పెరిగాక సాళ్ల మధ్య కలుపుకు సైకిల్ వీడర్, అంటే చేత్తో తోసే చక్రం దంతె, చాలా పనికొస్తుంది. రెండు వేల ప్రాంతంలో వస్తుంది. కలుపు అంగుళం మొలిచినప్పుడే తోసేస్తే పెట్రోల్ మిషన్ బయటికి తీయాల్సిన పని సగం తగ్గుతుంది. మీ నాన్నగారు పొద్దున ఒక అరగంట హాయిగా చేసుకోగల పని అది.

ఇక షాపులో చూడాల్సినవి. రివర్స్ గేరు తప్పనిసరి. హ్యాండిల్ మీద క్లచ్ లివరు వదిలేయగానే బ్లేడ్లు ఆగిపోవాలి, షాపులో స్టార్ట్ చేయించి ఇది కళ్లారా చూడండి. హ్యాండిల్ ఎత్తు నాన్నగారి నడుముకు సరిపోయేలా మారుతుందో లేదో చూడండి. రాళ్లున్న నేల కాబట్టి నేనైతే బెల్టు డ్రైవ్ వైపు మొగ్గుతాను. బ్లేడుకు రాయి పట్టినప్పుడు బెల్టు జారుతుంది, గేర్‌బాక్స్ బతుకుతుంది. బెల్టు ఎక్కడైనా దొరుకుతుంది. బ్లేడ్లు బిగించే ఆరు పలకల షాఫ్ట్ సైజు మామూలుగా దొరికేదేనా అని అడగండి. లేకపోతే బ్లేడ్లు అరిగాక ఆ ఒక్క కంపెనీ చుట్టూ తిరగాలి. బ్లేడ్లు ఎల్ ఆకారంలో ఉన్నవి మీకు సరిపోతాయి. ఆస్ట్రేలియాలో ఆర్థర్ క్లిఫర్డ్ హోవార్డ్ అనే ఆయన 1912లో ఈ రకం యంత్రం కోసం ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు మట్టి పక్కలకు ఎగిరిపోయేదట. బ్లేడును ఎల్ ఆకారంలో వంచాక ఆ సమస్య తీరింది. వందేళ్లు దాటినా ఆకారం అదే. బ్లేడ్లలో కుడివి, ఎడమవి వేరు. పదునైన అంచు ముందుకు తిరిగేలా బిగించాలి, తిరగేసి బిగిస్తే మట్టిని కోయకుండా కొడుతుంది.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో షాపు వాళ్లను అడగడంతో సరిపెట్టకండి. షాద్‌నగర్‌లో మెకానిక్‌ను అడగండి, ఏ మిషన్లు ఎక్కువ వస్తాయి, వేటికి సామాను సులువుగా దొరుకుతుంది అని. ఆయన చెప్పిన రెండు మూడు మోడళ్లలోంచి తీసుకోండి. వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఒకటి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. కొనబోయే మోడల్‌కు ఇలాంటి సంస్థ ఇచ్చిన టెస్ట్ రిపోర్టు ఉందా అని డీలరును అడగండి. ఉంటే అందులో ఇంజను అసలు బలం, వైబ్రేషన్, గంటకు ఇంధన ఖర్చు చూసుకోవచ్చు.

సబ్సిడీ కావాలంటే కొనకముందే మీ క్లస్టర్ ఏఈఓని (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవండి. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ రైతులకు కొన్ని యంత్రాల మీద 50 శాతం వరకు, మిగతావారికి 40 శాతం వరకు ఇచ్చే వీలుంది. ఈ ఏడాది ఏ యంత్రాలకు నిధులున్నాయన్నది ఆఫీసులోనే తెలుస్తుంది. పట్టాదారు పాసు పుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్లే దరఖాస్తు చేయాలి. ముందే కొనేసి బిల్లు పట్టుకెళ్తే సాధారణంగా ఒప్పుకోరు. 2025 సెప్టెంబరు 22 నుంచి దుక్కి యంత్రాల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర చెబితే బిల్లు అడిగి చూడండి.

నాన్నగారి విషయంలో ఒక్కటి గట్టిగా చెబుతాను. ఈ మిషన్లతో ఎక్కువ ప్రమాదం రివర్స్‌లో. వెనక్కి వచ్చే మిషన్‌కు, చెట్టుకో గోడకో మధ్య మనిషి ఇరుక్కుంటే బ్లేడ్లు కాళ్ల మీదికి వస్తాయి. రివర్స్ వేసేముందు ఇంజను స్పీడు పూర్తిగా తగ్గించాలి, వెనక్కి తిరిగి చూడాలి, అప్పుడే లివరు నొక్కాలి. లుంగీ, పంచె కట్టుకుని తోలకూడదు. ప్యాంటు, బూట్లు ఉండాలి. బ్లేడ్లలో చుట్టుకున్న గడ్డి తీయాలంటే ఇంజను ఆపి, ప్లగ్గు క్యాపు ఊడదీసి తీయాలి. లివరును తాడుతో కట్టేసి చేతులకు విశ్రాంతి ఇవ్వడం కొందరు చేస్తారు, దయచేసి అది మాత్రం చేయనివ్వకండి. మొదటి రెండు మూడు సార్లు మీరు దగ్గరున్నప్పుడే తోలమనండి. పిల్లలు గట్టు మీదే ఉండాలి.

కొత్త మిషన్ పెట్టెలో వచ్చినప్పుడు ఇంజనులో ఆయిల్ ఉండదు. తెలియక తాడు లాగి పది నిమిషాలు తోలితే ఇంజను పట్టేస్తుంది, వారంటీ కూడా ఇవ్వరు. ఇంజనుకు అర లీటరు పైన పడుతుంది, గేర్‌బాక్స్‌కు వేరే. రెండూ పోసి, గేజు చూసి, అప్పుడు పెట్రోలు పోయండి. మొదటి 20 గంటల పని అయ్యాక ఇంజన్ ఆయిల్ మార్చేయండి. చెల్క దుమ్ము చాలా సన్నం. తోలిన ప్రతి రోజూ ఎయిర్ ఫిల్టరు తీసి శుభ్రం చేస్తేనే పిస్టన్ రింగులు నిలుస్తాయి.

మీలా వారానికోసారి వెళ్లేవాళ్ల మిషన్లు ఎక్కువగా ఆగిపోయేది కార్బురేటర్ దగ్గర. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది తేమ పీల్చుకుంటుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంటే అడుగున నీరు దిగి, కార్బురేటర్ జెట్ మూసుకుపోతుంది. పని అయిపోగానే పెట్రోల్ కాక్ కట్టేసి, ఇంజను దానంతట అదే ఆగేదాకా తిరగనివ్వండి. రెండు మూడు వారాలు వాడమనుకుంటే ట్యాంకు కూడా ఖాళీ చేయండి. క్యానులో పెట్రోలు నిల్వ పెట్టకుండా ఆ పూటకు కావాల్సినంతే తెచ్చుకోండి.

40, 45 వేల ప్రాంతంలో వీడర్, ఒక సెట్టు అదనపు బ్లేడ్లు, ఒక బెల్టు, ఒక సైకిల్ వీడర్ తీసుకున్నా మీ 60 వేలలో ట్రాక్టరు కిరాయికి మిగులుతుంది. కంచె ఇంకా వేయలేదన్నారు కదా, గేటు 12 అడుగులు తగ్గకుండా పెట్టించండి. ఎనిమిదడుగుల గేటు పెట్టుకుంటే రోటవేటర్ తగిలించిన ట్రాక్టరు రోడ్డు మలుపు నుంచి లోపలికి తిరగదు. లోతు దుక్కి చేయించాలన్న ప్రతిసారీ కంచె కడీలు పీకాల్సి వస్తుంది.